రాజీ కుడికన్ను

"ఇంటికి లచ్చిమి ఇంకోసారి నడిచొస్తె, కత్తులు పట్టుకొని ఎదురువోతరా ఎవలన్న?" అంది అత్త వంటింటి గడప మీద కూర్చుని. పొద్దుటినుంచి ఇదే మాట.

"కత్తి పట్టేది నేను గాదత్తమ్మా, డాక్టరు," అంది వనమాల బియ్యం చెరుగుతూ.

"నీకు ఎగతాళిగున్నది."

వనమాలకు ఎగతాళిగా లేదు. నాలుగేళ్ల చిన్నకూతురు రాజీ కుడికన్ను ఈమధ్యే ముక్కువైపు తిరగడం మొదలైంది. అది చూసి అత్త వాడకట్టంతా చక్కెర పంచింది. మెల్లకన్ను ఆడపిల్ల ఉన్న ఇంట్లో సిరి నిలుస్తుందని ఆమె నమ్మకం. పెద్దది పుష్పలతకూ కుడికన్నే మెల్ల. అది పుట్టింది అరవైతొమ్మిదిలో, తెలంగాణ బందులతో మానుకోట బజారు మూతపడ్డ రోజుల్లో. దుకాణాలు తెరిచాక వనమాల భర్త వీరేశం కొన్న మిర్చికి ధర ఎక్కింది. చిన్న కిరాణా కాస్తా టోకు దుకాణమైంది. ఆనాటినుంచి కూతురి ముఖం చూడనిదే ఆయన తాళంచెవులు అందుకోడు. జ్వరమొచ్చి పడుకున్నా లేపి నిలబెట్టేవారు. తల దువ్వి, బొట్టు పెట్టి పంపింది వనమాలే.

మొన్న ఆదివారం పిల్లలతో కురవి వీరన్న దర్శనానికి పోతే, అక్కడి బడిలో కండ్ల క్యాంపు జరుగుతోంది. అంతా కంట్లో మోతిబిందు పొర కమ్మిన ముసలివాళ్లే. రాజీని చూపిద్దామని వనమాల కూడా వాళ్ల మధ్య కూర్చుంది. డాక్టరమ్మ ముందు పుష్పలతను పిలిచింది. ఎడమకన్ను మూసి, గోడమీది పెద్దక్షరం ఏదని అడిగింది. పిల్ల మాట్లాడలేదు. సిగ్గనుకుని వనమాల గదమాయించింది.

"కనపడ్తలేదమ్మా," అంది పుష్పలత. "గీ కన్ను ఎప్పుడు గింతే. అందరికీ ఒక్క కన్నే చూస్తదనుకున్న."

ఆ మాట విన్నప్పటినుంచి వనమాలకు అన్నం సయించడం లేదు.

పక్కకు తిరిగిన కంటిని మెదడు వాడుకోవడం మానేస్తుందట. చిన్నప్పుడే మంచికంటికి పట్టీ కట్టి, మెల్లకంటితో చూడడం అలవాటు చేసి, ఆపైన కంటి కండరాన్ని సవరించి కుట్లు వేస్తే చూపు దక్కేదట. ఆ వయసు దాటిపోయిన పుష్పలతకు ఇప్పుడు ఆపరేషన్ చేస్తే కన్ను తిన్నగా నిలుస్తుంది, చూపు మాత్రం రాదు. చిన్నదానికి ఇంకా సమయం ఉంది. డాక్టరమ్మ చెప్పింది ఇంతే.

"ఏందే పొద్దుగాల్నే లొల్లి?" అంటూ వీరేశం తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. పిలవకముందే పుష్పలత వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"గియ్యాల చిన్నదాన్ని చూడుండ్రి," అంది వనమాల. "దాని కుడికన్ను మూయుండ్రి, మీ చెయ్యితోనే."

"నాకు ఆటలాడే టైమున్నదా?" అన్నాడు గానీ కూర్చున్నాడు. రాజీని ఒళ్లోకి తీసుకుని కుడికన్ను మూశాడు. పిల్ల కిలకిలా నవ్వి ఆయన మీసం పట్టి లాగింది.

"ఇగ రెండోది."

ఎడమకంటి మీద చెయ్యి పడగానే నవ్వు ఆగిపోయింది. రాజీ తల విదిలించింది. రెండు చేతులా ఆయన చేతిని నెట్టింది.

"మీసమేది బిడ్డా?"

చిన్న చెయ్యి ఆయన చెవిని తడిమింది, గాలిని తడిమింది. "తియ్యి బాపూ, తియ్యి!" అని ఏడుపందుకుంది.

వీరేశం చెయ్యి తీసేశాడు. తలుపు వైపు చూశాడు.

"నీకు గూడ గిట్లనే ఉంటదా బిడ్డా?"

"నాకు గంత గూడ కనపడది బాపూ," అంది పుష్పలత. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"గివన్ని డాక్టర్లు పెట్టే భయాలు!" అత్త లేచింది. "కన్ను కోయిపిస్తె దుకాణం గతేంది?"

"అమ్మా, జర ఊకో," అన్నాడు వీరేశం. ఆయన తల్లికి ఎదురు చెప్పడం వనమాల ఎన్నడూ వినలేదు. అత్త కూడా విని ఉండదు. గడప మీదనే మళ్లీ కూలబడింది.

వనమాల చేట పక్కన పెట్టి, చీర కొంగుతో రాజీ ముక్కు తుడిచింది. గొంతు పెంచకుండా, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"శుక్రవారం పొద్దుటి బండికి ఇద్దరిని తీస్కొని హైద్రాబాద్ దవాఖానకు పోతున్న. చిన్నదానికి పట్టీ కట్టిపిస్త, ఆపరేషన్ ఎప్పుడంటె అప్పుడు చేపిస్త. పెద్దదానిది చేపించుడో వద్దో అదే చెప్తది. మనమెవ్వలం చెప్పొద్దు."