గండభేరుండం ఊడగొట్టిన కొలువు

నేను ఒక చెవి మిషన్‌ని. అగ్గిపెట్టెంత ఒళ్లు. చొక్కా జేబులో కూర్చుని, తీగ చివరి బుడిపెను చెవిలో దూర్చి లోకం సంగతులు చేరవేసేదాన్ని. పుట్టిన ఫ్యాక్టరీలో గుండుసూది పడ్డ చప్పుడు కూడా వినిపించానని నన్ను మెచ్చుకున్నారు. మనుషులకి గుండుసూదుల చప్పుడుతో ఏం పనో అప్పుడే అడగాల్సింది.

నా మొదటి యజమాని తెనాలిలో రిటైరైన తాసిల్దారు. భార్య నోరు విప్పగానే నా మీట నొక్కి ఆపేసేవారు. నేను అంత విశ్రాంతిగా బతికిన కాలం మళ్లీ రాలేదు. ఆయన పోయాక ఆవిడ నన్ను పక్కవీధి వీరరాఘవులు గారికి ఇచ్చేసింది.

వీరరాఘవులు గారు డోలు విద్వాంసులు. వినికిడి తగ్గాక ఒక పెళ్లిలో సన్నాయిది ఒక దారి, ఈయనది ఒక దారి అయింది. మగపెళ్లివారు నవ్వారు. ఆ రోజే డోలుకి గుడ్డ తొడుగు వేసి గోడకి తగిలించేశారు. నేను వచ్చాక ఆశగా దింపి ఒక దెబ్బ వేశారు. నేను చేతనైనంత గట్టిగానే వినిపించాను.

"డబ్బా మీద గరిటె పెట్టి కొట్టినట్టుంది" అని మళ్లీ తగిలించారు. సన్నని చప్పుళ్లు మోయడానికి చేసిన ప్రాణిని, డోలు బరువు నావల్ల ఎలా అవుతుంది? అప్పట్నించీ టీవీ వార్తలూ, భార్య నాంచారమ్మ గారి సణుగుడూ మాత్రమే మోశాను.

ఇంతలో ఇంజనీరింగ్ చదివే మనవరాలు హిమజ సెలవులకి దిగింది, వెంట పెద్ద స్పీకరు పెట్టెతో. గండభేరుండం అని ఏదో కొత్త బ్యాండు, డెత్ మెటల్ అనే అరుపుల సంగీతమట, మొదటి ఆల్బం అట. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టింది. పాడేవాడు దున్నపోతు పుక్కిలించినట్టు పాడాడు. నాంచారమ్మ గారు గ్రైండరు ఆపడానికి వంటింట్లోకి పరిగెత్తారు. అది తిరగడమే లేదు. నేను బెదిరి కీచుమన్నాను. రాఘవులు గారు బుడిపె పీకేసి, నన్ను జేబులోనే ఉంచుకుని, మనవరాలిని చీవాట్లు పెట్టడానికి వెళ్లారు.

గుమ్మంలోనే ఆగిపోయారు. పాదాల కింద గచ్చు అదురుతోంది. మెల్లగా వెళ్లి పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. హిమజ భయపడి పాట ఆపబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీవే. ఆ అరిచేవాడి సంగతి నాకు తెలవదు గానీ, డ్రమ్ము కొట్టే పిల్లోడు తొందరపడట్లా. ఏనుగు నడక."

"నీకు వినిపిస్తోందా తాతయ్యా?" చెవి చూపిస్తూ అడిగింది హిమజ.

"చెవిలో కాదే, రొమ్ములో."

డోలు దింపారు. తొడుగు విప్పారు. పెట్టె పక్కనే కూర్చుని పుల్ల అందుకున్నారు. మొదట తప్పారు. పాట మళ్లీ పెట్టించుకున్నారు, మళ్లీ తప్పారు. ఆ తర్వాత ఎక్కడో పట్టు దొరికింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా చెయ్యి ఆగలేదు. నాకు సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది. ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదింది నేను, పని చేసింది గచ్చు.

ఇప్పుడు నా నివాసం నాంచారమ్మ గారి తమలపాకుల డబ్బా. నా పక్కనే ఆవిడ చెవుల్లో పెట్టుకునే దూది ఉంటుంది. సెలవులయ్యాక హిమజ వెళ్లింది గానీ, పెట్టె వెళ్లలేదు. నిన్న ఇరుగుపొరుగు కట్టగట్టుకుని తగువుకొచ్చారు. రాఘవులు గారు వాళ్లు చెప్పిందంతా ఓపిగ్గా చూసి, చెవి వైపు వేలు పెట్టి వినపడదని సైగ చేసి, పుల్ల అందుకున్నారు.