లెక్కపెట్టని నిమిషం

ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను రోగి పొట్ట మీద వేసి సిస్టరు ఊపిరులు లెక్కపెడుతోంది. ఏడో నంబరు మంచం, దర్జీ. నిమిషానికి ముప్పై నాలుగు. కాదులే అనుకుని మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై ఆరు. మామూలుగా ఇరవై దాటకూడదు.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో నిండా నిమిషం చూడకుండా ఆవిడ ఊపిరి లెక్క రాసింది లేదు. మిగతావాళ్లు మనిషి మొహం చూసి ‘ఇరవై’ అని గీకి పారేస్తారు. అందుకే వార్డంతా ఈవిడని లెక్కల సిస్టరని ఏడిపిస్తుంది. పైకి విసుక్కున్నా ఆవిడకా పేరంటే ప్రాణం. మోకాళ్ల నొప్పుల్నీ, ఇంట్లో ఆయన సణుగుళ్లనీ ఆ పేరు చూసుకునే నెట్టుకొచ్చింది.

ఇవాళ పొద్దున ఇద్దరు డ్యూటీకి రాలేదు. నలభై మంచాలకీ తనొక్కతే. ఇంతలో డాక్టరు రౌండ్సుకి బయల్దేరాడని కబురొచ్చింది. ఈ ఒక్క పూటకే కదా అనుకుని చార్టులన్నిటి మీదా వరసపెట్టి ఇరవై రాసేసింది. ఏడో నంబరు చార్టు చూసి డాక్టరు తలాడించి, ఎనిమిదో మంచానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పన్నెండయింది. దర్జీ పెదాలు నీలంగా ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకి ఫోను చేసింది. కలం జేబులోనే ఉంది. పొద్దున రాసిన 20లో సున్నాకి చిన్న తోక పెడితే ఇరవై ఆరవుతుంది, ఎవడు చూడొచ్చాడు? ఉద్యోగం పోతుందేమో, పేరు పోతుందేమో, అసలీ మనిషే పోతాడేమో. చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

డాక్టరు పరుగున వచ్చి చార్టు చూశాడు. పొద్దున బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి ఇలా అయిందంటే గుండె జబ్బేమో అంటూ మందు మార్చబోయాడు.

“పొద్దున నేను లెక్కపెట్టలేదు డాక్టరుగారూ,” అంది సిస్టరు. “ఊరికే రాశాను. ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడో నాకు తెలీదు.”

ఆయన ఆ మందు పక్కన పెట్టాడు. మళ్లీ మొదట్నుంచీ పరీక్ష చేసి, ఊపిరితిత్తుల్లో చీము చేరిందని వేరే మందు ఎక్కించాడు. సిస్టరు ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. పావుగంటకోసారి లెక్కపెట్టి రాసింది. నలభై, తర్వాత ఊపిరి అలిసిపోయి పద్దెనిమిది, చివరికి తొమ్మిది. నాలుగింటికి దర్జీ పోయాడు.

అతని భార్య ఏడ్చి ఏడ్చి, బట్టలు సంచిలో సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ సిస్టరు చేతులు పట్టుకుంది.

“తెల్లారినప్పట్నుంచీ ఆయాసమే అన్నాడమ్మా. సిస్టరుగారొచ్చి చూస్తారులే, ఏమన్నా ఉంటే ఆవిడే చెప్తారు అన్నాను.”

సిస్టరు ఆమె గుమ్మం దాటేదాకా చూసి, దుప్పటి మార్చడానికి వంగింది.

పక్క బల్ల మీద, ఆయాసం తగ్గాక తాగుతానని పొద్దున అతను మూతపెట్టించుకున్న టీ గ్లాసు, మూత తీసి చూస్తే, నిండుగా, మీగడ కట్టి ఉంది.