తొందరపడి కట్టిన కోట

ఇంట్లోవాళ్లు నర్సు అని పిలుచుకునే ఆ అమ్మాయి పొద్దున పెట్టిన ఉప్మా పెట్టినట్టే వదిలేసింది. ఉప్మా నచ్చక కాదు, అన్నయ్య చెప్పింది నచ్చక.

చదరంగం పోటీల్లో ఆఖరి ఆట. ఎదురుగా కూర్చోబోయేది అన్నయ్య మేనేజరుగారి భార్య.

"డ్రా చేసుకోండి చాలు. ఇద్దరూ పై పోటీలకు వెళతారు. నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉందమ్మా," అన్నాడు అన్నయ్య హాలు మెట్ల మీద మరోసారి, అదేదో ఘనకార్యమైనట్టు.

"మేడమ్ ఓడిపోయి, లైబ్రరీలో పనిచేసే అమ్మాయి తన ఆట గెలిస్తే ఆ చోటు తనది కదన్నయ్యా."

"దానికింకా వయసుంది. వచ్చే ఏడాది చూసుకుంటుందిలే."

ఊరివాళ్ల సొమ్మును ఎంత ఉదారంగా పంచిపెట్టేశాడో మహానుభావుడు! నర్సుకు అసహ్యం వేసింది. అయినా తలూపింది. నాన్న పోయాక ఇంట్లో అన్నయ్య మాటకు ఎదురులేదు. తలూపడం ఆమెకు మెడనొప్పిలా అలవాటైపోయింది.

ఏ ఎత్తు తర్వాత ఏ ఎత్తో అన్నయ్యే ఇద్దరిచేతా బట్టీ పట్టించాడు. ఆట మొదలైంది; ఇద్దరి రాజుల ముందరి బంట్లూ మధ్యలో ఢీకొని నిలబడ్డాయి. నర్సు గుర్రం నల్లబంటు మీద కన్నేస్తే, దానికి కాపలా మేడమ్ గుర్రం. నర్సు తెల్ల ఒంటెను తీసుకెళ్లి ఆ గుర్రానికి గురిపెట్టింది. మేడమ్ పక్కబంటుతో అదిలిస్తే, ఒంటె ఒక గడి వెనక్కి తగ్గిందే తప్ప గురి వదల్లేదు.

ఈ ఆరంభంలో ఉన్న కిటుకంతా ఓపికే. గుర్రాన్ని వెంటనే కొట్టి బంటును తినేస్తే, నల్లమంత్రి మధ్యలోకొచ్చి బదులుగా మన బంటును లాక్కుంటుంది. అందుకే ముందు రాజును మూలకు జరిపి కోట కట్టి, ఏనుగును తెచ్చి మన బంటు వెనక నిలబెట్టాలి. అప్పటిదాకా అది ఉత్త బెదిరింపు. ఏనుగు వచ్చిందంటే నిజం. ఆ క్షణమే నల్లవాళ్లు ఇంకో బంటుతో ఒంటెను తరిమి, ఆ తర్వాతే తమ కోట కట్టుకోవాలి.

నర్సు ఏనుగును నిలబెట్టింది. మేడమ్ చేతిసంచిలోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని, అలవోకగా కోట కట్టేసింది.

బంటు జరపడం మరిచిపోయింది. పాఠం అప్పజెప్పే పిల్ల మధ్యలో ఓ వాక్యం మింగేసినట్టు తర్వాతి ఎత్తు ముందు ఆడేసింది. బల్ల చూసి ఆడేవాళ్లెవరూ చేయని తప్పు అది.

నర్సు పెదవులు కదిలాయి. "ముందు బంటు" అనబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చాక ఉలిక్కిపడి ఆగింది. ఛీ, ఎంతకు దిగజారాను అనుకుంది. అన్నయ్య మీదున్న రోత అంతా తిరిగి తన మీదికే వచ్చింది. తలెత్తితే గోడవారన లైబ్రరీ అమ్మాయి. తన ఆట గెలిచేసి, గోళ్లు కొరుక్కుంటూ ఈ బల్లకేసే చూస్తోంది.

నర్సు ఒంటెతో గుర్రాన్ని కొట్టింది. మేడమ్ ఒంటెను తీసుకుంది. నర్సు గుర్రంతో నడిమి బంటును తినేసింది.

"మనం అనుకున్నది ఇది కాదుగా," అంది మేడమ్ గొంతు తగ్గించి.

"ఆడండి మేడమ్."

వెనక అన్నయ్య దగ్గాడు. మళ్లీ దగ్గాడు. నర్సు తల తిప్పలేదు. ఆ ఒక్క బంటునే ఒడిసిపట్టుకుని, సాయంత్రం దాకా లాగి గెలిచింది. ఫలితాల బోర్డు మీద తన పేరు కింద లైబ్రరీ అమ్మాయి పేరెక్కింది.

బయట వరండాలో అన్నయ్య జబ్బ పట్టుకున్నాడు. "నా పరువు తీశావు. పద, మేడమ్‌కి సారీ చెప్పు."

"నువ్వే చెప్పన్నయ్యా. నీకు అలవాటేగా," అంది నర్సు చేయి విడిపించుకుని.

కొడతాడేమో అనుకుంది. కనీసం తిడతాడనుకుంది. అన్నయ్య చొక్కా సర్దుకుని, గబగబా మేడమ్ కారు దగ్గరికి వెళ్లి, అద్దం దించేదాకా వంగి నిలబడి, నిజంగానే సారీ చెప్పాడు.