రేడియోలో మొగుడు

"మొగుడంటే అలా ఉండాలమ్మా, పెట్టి పుట్టావు" అని పక్కింటావిడ గోడ మీంచి అన్నప్పుడల్లా ఆమె చేతిలోని తడి చొక్కాని ఇంకాస్త గట్టిగా పిండేది. చొక్కా ఆయనది. రేడియోలో ఆయన గొంతు వింటే రాళ్ళయినా కరుగుతాయని ఊరంతా అంటుంది. ఏటా ప్రేమికుల రోజున ఆ పండగ చరిత్ర చెప్పేదీ ఆయనే. లైబ్రరీలో కూర్చుని ఆ చరిత్ర వెతికి, వంటకీ బట్టలకీ మధ్య రాసిపెట్టేది మాత్రం ఆమె. "నాకున్నది గొంతు, నీకున్నది తీరిక" అంటాడాయన. తీరికట!

చక్రవర్తి వద్దన్నా సైనికులకి చాటుగా పెళ్ళిళ్ళు చేసి తల పోగొట్టుకున్నాడని చెప్పుకునే ఫాదరు కథ, ఆ రోజునే పక్షులు జోడీలు వెతుక్కుంటాయన్న పాతకాలపు కవుల ముచ్చట, అన్నీ రాసేది. ఆ పండగకి అమ్మే గ్రీటింగు కార్డులకి రోజుకూలీకి కాగితపు లేసు అతికిస్తూ బల్లల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళ గురించి ఒకసారి రాస్తానంటే ఒప్పుకోలేదు. "ప్రేమ గురించి చెప్పమంటే ఈ కూలీల గోలేమిటే?" అన్నాడు.

చివర్లో మాత్రం భార్య గురించి నాలుగు మాటలు ఉండి తీరాలి. జనం వాటికోసమే వింటారు. అవీ ఆమే రాయాలి. మొదటి ఏడు సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత అలవాటైంది. 'ఆమె నవ్వితే నా అలసటంతా మరిచిపోతాను' అని రాసి, పక్కన ఎర్రసిరాతో 'గొంతు తగ్గించాలి' అని పెట్టేది. ఆయన సరిగ్గా అక్కడే తగ్గించేవాడు. వంటింట్లో వింటూ, అవి తన మాటలేనని తెలిసీ, వెర్రిమొహం, పులకరించిపోయేది. "పెళ్ళాన్ని నెత్తికెక్కించుకున్నాడు" అని అత్తగారు మూతి తిప్పుకునేది. ఇంట్లో ఆయన ఆమెతో అనేవి "చొక్కా ఏది?", "ఉప్పెక్కువైంది". అంతే.

ఈ ఏడు ఆమెకి ఒక ఆశ పుట్టింది. ఒక్క వాక్యం, వంకరటింకరదైనా సరే, ఆయన తనంతట తను అంటే చాలు. అందుకే ఆ నాలుగు మాటలూ రాయలేదు. ఆ చోట 'ఇక్కడ మీ భార్యతో మీ సొంత మాట ఒకటి చెప్పండి' అని రాసి, కింద ఖాళీ వదిలింది. ఎర్రసిరా వాడాలని తోచలేదు. ముందుగా ఒకసారి చదువుకునే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు.

సాయంత్రం పొయ్యి కట్టేసి రేడియో ముందు కూర్చుంది. ఫాదరు కథ అయింది, పక్షుల ముచ్చటా అయింది. ఆయన ఆగాడు. అప్పుడు ఆ కమ్మని గొంతుతో, "ఇక్కడ మీ భార్యతో మీ సొంత మాట ఒకటి చెప్పండి" అని చదివేశాడు. ఆయనకని రాసినది, ఉన్నదున్నట్టు, వినేవాళ్ళకి! ఖాళీ ఉన్నంతసేపూ ఊరుకుని, శుభాకాంక్షలు చెప్పి ముగించాడు. గోడకవతల పక్కింటాయన ఏదో అనడం, ఆవిడ కిలకిలా నవ్వడం వినిపించాయి.

ఆయన గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. "ఏం రాశావే! ఒకటే ఫోన్లు. మొగుళ్ళంతా పెళ్ళాలతో ఏవేవో చెప్పుకున్నారట. మా డైరెక్టరైతే కళ్ళు తుడుచుకున్నాడు."

"మరి మీరేం చెప్పారు?"

"నేనా?" ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నేనేం చెప్తాను? అక్కడ నువ్వేం రాయలేదుగా!"

ఆమెకి కోపం వచ్చినా బాగుండేది. ఏడుపొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"ఎందుకే ఏడుస్తావు? ప్రోగ్రాం బాగానే వచ్చిందిగా."

"రేడియోలో మాట్లాడే మా ఆయన పోయాడండీ" అంది ఆమె. "ఇక ఆయన్ని బతికించడం నావల్ల కాదు."