అరిగిపోయిన నాడె

నాకు చెవుడు. ఈ మాట ముందే చెప్పేస్తే సగం గొడవ తప్పుతుంది. లేకపోతే జనం నా ముఖం మీదికొచ్చి అరుస్తారు. అరిస్తే పెదాలు వంకర్లు పోయి, అర్థమయ్యే నాలుగు ముక్కలు కూడా అర్థం కావు. పదకొండేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ వినికిడిని వెంటబెట్టుకుని పోయింది. నోరు మాత్రం నాకే వదిలేసింది. దాన్ని నేను బాగానే వాడుకుంటానని మా ఆయన అంటాడు.

మా ఆయన మార్కండేయులు. ధర్మవరంలో మా వీధిలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా మగ్గమే, మా ఇంట్లోనూ అంతే. ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేస్తుంటే, నేను నాలుగడుగుల దూరంలో కిటికీ వైపు తిరిగి, రాట్నం మీద దారం కండెలకు చుడుతుంటాను. ఆయనకు మంచినీళ్లు కావాలన్నా, తెగిన పోగు అతకడానికి ఇంకో చెయ్యి కావాలన్నా నన్ను పిలవాలి. నాకేమో వినపడదు. అందుకని ఒక ఖాళీ కండె తీసి నా వీపు మీదికి విసిరేవాడు. చిన్న ముక్కే, దెబ్బేమీ తగలదు. మొదటిసారి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత నేను నవ్వలేదు, ఆయన గమనించలేదు.

ఏడాదిన్నర కిందట బెల్లం వచ్చింది. వానలో తడిసి మా గడప దగ్గర ముడుచుకున్న కుక్కపిల్ల. రంగును చూసి నేనే ఆ పేరు పెట్టాను. ఎవరూ నేర్పకుండానే దానికి నా సంగతి తెలిసిపోయింది. తలుపు కొడితే వచ్చి నా కొంగు లాగేది. కుక్కర్ కూత పెట్టినా లాగేది. అది చూసి మా ఆయన, "బెల్లా, అమ్మను పిల్చుకోని రా" అనడం మొదలుపెట్టాడు. అంతే, కండెలు విసరడం ఆగిపోయింది. ఒక మూగజీవి వచ్చి నా మర్యాద నాకు తెచ్చిపెట్టింది. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు.

అలాంటి బెల్లం మొన్న మగ్గం దగ్గర కొంప ముంచింది. మధ్యాహ్నం మేం అన్నాలు తింటుంటే, గుంత గట్టు మీదున్న కొత్త నాడెను కొరికింది. పడుగు మధ్యలో అటూ ఇటూ పరిగెత్తి దారం వేసే కొయ్య నాడెకు పేడు లేచి ఉంటే ఇంకేముంది! ఈయన చూసుకోకుండా విసిరాడు. గుప్పెడు పట్టుపోగులు పుటుక్కున తెగాయి. వాటిని ఒక్కొక్కటే అతకడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

మూడో రోజు నా ఎదురుగా కూర్చుని, నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. "సోమవారం తిప్పేస్వామి వస్తాండాడు. కనగానపల్లిలో వాళ్ల చేన్లో అడివిపందులు పడతాండాయంట. కాపలాకు కుక్కను ఆయన తోలుకోనిపోతాడు."

నేను ఒప్పుకోలేదు. ఆయన వినలేదు. దాన్ని పెరట్లో గొలుసు వేసి కట్టేశాడు.

చేతిలో అయిదు రోజులున్నాయి. ఏదో ఒక సామాను కొని దీని బుద్ధి మార్చేయాలని ముస్తఫా అంగడికి పోయాను. కోళ్ల దాణా అమ్ముకునే మనిషి, ఇప్పుడు ఒక గోడంతా కుక్కల సామాను వేలాడదీశాడు. గడ్డం ఉంచి మీసం తీసేస్తాడు కాబట్టి పెదాలు శుభ్రంగా కనపడతాయి. నాకు ఆ అంగడి నచ్చడానికి సగం కారణం అదే.

విషయం చెప్పగానే నోటికి కట్టే బుట్ట తీశాడు. అది కట్టుకుని నా కొంగెలా లాగుతుంది? వద్దన్నాను. లోపలి వైపు మొనలున్న మెడ గొలుసు చూపించాడు. నా మణికట్టుకు చుట్టుకుని లాగి చూశాను. చురుక్కుమంది. అదీ పక్కన పెట్టాను. చివరికి ఎంతో గొప్పగా ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి బొటనవేలితో నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నేను ఆయన బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను.

"ఏం చేస్తాండావు ముస్తఫా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "టిక్కుమంటాదక్కా. మంచి పని చేసినప్పుడు నొక్కి, తినేకి ఇయ్యాల. మర్చేపోయినా, నీకు..."

"పోనీలే, టిక్కుకు బదులు చెయ్యి చూపిస్తా" అని అరచెయ్యి చాపాను. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

కొరకడానికి ఎండబెట్టిన తోలు ఎముక అడిగితే, ముక్క ఊడి గొంతులో ఇరుక్కుంటుందని తన సరుకును తానే వద్దన్నాడు. గట్టి రబ్బరుది ఒకటి చేతికిచ్చి, "గోరుతో నొక్కు. కొంచెమన్నా దిగల్ల. దిగకుంటే పండ్లు ఇరుగుతాయి" అన్నాడు. తినడానికి రంగుల బిస్కెట్ల పొట్లం ఎందుకు, ఉప్పెయ్యకుండా వేయించిన చెనక్కాయ గింజలు చాలన్నాడు. "ఒక్కో గింజే ఇయ్యి. కానీ చేసిన నిమిషానే ఇయ్యాల. లేటైతే దేనికిచ్చినావో దానికి తెలీదు."

అన్నీ సంచిలో వేసుకుని బయలుదేరుతుంటే ఆగమని చెయ్యి ఊపాడు. "అవునక్కా, పిల్లప్పుడు పండ్లొచ్చేటప్పుడు కొరికేకి ఏమిచ్చినావు?"

సంచి మళ్లీ కింద పెట్టాను.

అరిగిపోయిన నాడె ఇచ్చాను. కొనలకున్న ఇనప మొనలు పీకేసి, నా చేతులతో నేనే ఇచ్చాను. పాతికేళ్లు ఆయన చెయ్యి పడి నున్నగా అయిన కొయ్య, పారేయడానికి మనసు రాలేదు. దాన్ని కొరుకుతుంటే మురిసిపోయి వీధివాళ్లకు కూడా చూపించాను. ఇది పాతది, అది కొత్తది అని కుక్కకెలా తెలుస్తుంది? రెండింటికీ ఉండేది ఆయన చేతి వాసనే. ఇంటికి వచ్చేదాకా సిగ్గుతో తల ఎత్తలేదు.

మంచం కింద వెతికి ఆ పాత నాడె తీసి బీరువాలో పెట్టాను. పెరట్లో గొలుసు విప్పి, రబ్బరుది ఇచ్చి, కొంగులో గింజలు మూట కట్టుకుని మొదలుపెట్టాను. చెక్క ముక్క నోటితో పడితే అరచెయ్యి చాపడం, వదిలితే ఒక గింజ. మొదటి రోజు చెక్కా వదల్లేదు, నా కొంగూ వదల్లేదు. రెండో రోజు పదిసార్లకు నాలుగుసార్లు వదిలింది. నేను దానికి నేర్పుతున్నానో, అదే నాకు ఓపిక నేర్పుతోందో తెలియలేదు.

శనివారం బెల్లాన్ని మళ్లీ పెరట్లో గొలుసుకు కట్టి, రాట్నం ముందు కూర్చుని ఉన్నాను. వీపుకు ఏదో తగిలింది. కింద చూస్తే ఖాళీ కండె.

ఒళ్లు మండిపోయింది. కండె తీసుకుని పోయి గుంత గట్టు మీద పెట్టాను. "దానికి నాడె ఇచ్చింది నేను. నా తప్పే. ఇన్నేండ్లు మగ్గం సామాన్లు నా మీదికి ఇసిరింది నువ్వు. మనిండ్లో ఏది ఎట్ల వాడల్లో మనకే తెలీకుంటే, దాన్ని కనగానపల్లికి తోలితే సరిపోతుందా? నేనేమన్నా కుక్కనా, ఇసిరి పిలిచేకి?"

ఆయన ఆ కండె తీసి, మిగతా ఖాళీ కండెల బుట్టలో పెట్టాడు.

సోమవారం తిప్పేస్వామి తాడుతో సహా వచ్చాడు. మా పెరటి పాఠాలు ఎప్పుడు చూశాడో గానీ, మా ఆయన కొరికినదాని బదులు తెచ్చుకున్న ఇంకో కొత్త నాడె తీసి నేల మీద పెట్టాడు. బెల్లం వాసన చూసింది. చూసి, నోట కరుచుకుంది. నేను అరచెయ్యి చాపాను. అది నన్ను చూసింది, నాడెను పళ్లతో నొక్కకుండా తెచ్చి చేతిలో పెట్టింది. నేను గింజ ఇచ్చాను. ఆయన నాడెను వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. పంటి గాటు లేదు.

"కాఫీ తాగిపో తిప్పేస్వామీ. ఇది ఈడే ఉంటాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రాట్నం ముందు ఉండగా నా భుజం మీద ఏదో ఆనింది. బెల్లమేమో అనుకున్నాను. కానీ అది నా కాళ్ల దగ్గరే నిద్రపోతోంది. తిరిగి చూశాను. మోకాళ్ల నొప్పులతో గుంతలోంచి పైకి లేచి, నాలుగడుగులు నడిచి వచ్చి, మా ఆయన నా భుజం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"పోగు తెగింది. కొంచెం వస్తావా?"

కొంగుమూట విప్పి, ఒక గింజ తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"దేనికే ఇది?" అన్నాయి పెదాలు.

"లేట్ చేయగూడదంట" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ లేచి.