పీరయ్య తల ఊపాడు

"లా చదువు, లేదంటే సైకాలజీ చదువు. రెండూ అంటావేంది పాపా? రెండు పడవల మీద కాళ్లు పెడితే నడి ఏట్లో మునుగుతావు," అన్నాడు నాయన.

సౌదీలో, దమ్మాంలో ట్రైలర్ తోలే మనిషి నాకు పడవల సంగతి చెబితే మండదా? అయినా నోరు మూసుకున్నాను. కాలేజీ ఫారం మీద సంతకం ఆయనదే కావాలి మరి.

విదేశీ కుటుంబాల మీద సర్కారు నెలనెలా లెవీ పన్ను వేశాక మా బిల్డింగులో సగం ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. వచ్చే నెల అమ్మా నేనూ వీసా వదులుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద కడపకు పోతున్నాం. బెంగళూరులో ఒక కాలేజీలో లా, క్లినికల్ సైకాలజీ కలిపి ఆరేళ్ల డిగ్రీ ఉంది. ఫారం పంపడానికి రేపే ఆఖరు.

నాయనకు ఏడాదిగా చెప్పని మాట ఒకటి నా కడుపులో ఉంది. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"నాయనా, పీరయ్య మామ సంగతి మాట్లాడాల."

పీరయ్య మామ నాయనతో కలిసి ఈ దేశం వచ్చిన మనిషి. కంపెనీల్లో సౌదీవాళ్లు ఇంతమంది ఉండాలనే నితాకాత్ రూల్‌లో ఆయన కంపెనీ పనోళ్ల పర్మిట్లు ఆగిపోయే రెడ్‌లో పడింది. యజమాని వేరేచోట పని చూసుకోమని పంపించి, వెనకనే మామ పని వదిలి పారిపోయాడని హురూబ్ కేసు రాయించాడు. నాకు బడిలో నేర్చిన అరబ్బీ వచ్చు కదా అని, ఆ కేసు కొట్టేయించడానికి లేబర్ ఆఫీసుకు నాయనే నన్ను తోడు పంపాడు. బండికి చోటు దొరక్క తను బయటే ఉండిపోయాడు.

"వాడే ఒప్పుకున్న్యాడు గదా, పని వదిలేసి పోయినానని," అన్నాడు నాయన. "తెలివిలేనోడు."

"ఒప్పుకోలేదు నాయనా. ఆఫీసరు మంచిగానే అడిగినాడు, నీ అంతట నువ్వే పోయినావా అని. నేను తెలుగులో చెప్పినా. మామ తల ఊపినాడు."



పెన్ను పట్టుకున్న ప్రతివాడి ముందూ పీరయ్య మామ అట్లాగే తల ఊపేవాడు. అది సగం మర్యాద, సగం భయం. ఆ ఊపుడికి అవునని అర్థం కాదని నాకు తెలుసు. తెలిసీ, వెనక క్యూ పెరుగుతోందని, ఆఫీసరుతో "నఅం", అంటే అవునని, చెప్పేశాను. ఆయన రాసుకున్నాడు. మామను ఈ దేశానికి మళ్లీ రాకుండా నిషేధం పెట్టి పంపించేశారు. ఇప్పుడు కడపలో ఎవరితోనూ మాట్లాడడట. ఆ పాపం నాది.

"లా ఒక్కటే చదివితే ఆఫీసరు రాసుకున్న ఆ కాగితం సరిగ్గానే ఉండాదని అనుకుంటా. సైకాలజీ ఒక్కటే చదివితే మామ భయం అర్థమైతాది గానీ, ఆ కాగితాన్ని ఏం చేయలేను. నాకు రెండూ కావాల. నువ్వు వద్దన్నా చదువుతా."

 నాయన జేబులోంచి పెన్ను తీశాడు.

"యాడ పెట్టాల సంతకం?"

"ముందు విను." ఫారం మొత్తం తెలుగులో చదివి చెప్పాను. ఆరేళ్లు, హాస్టలు, మధ్యలో మానకూడదనే షరతు, అన్నీ. "అర్థమయిందా? నీకు ఇష్టమేనా?"

నాయన తల ఊపాడు.

నేను పెన్ను లాక్కున్నాను. "తల ఊపొద్దు నాయనా. నోటితో చెప్పు."

ఆయన నా వైపు చూశాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఇష్టమే," అన్నాడు. "రెండూ చదువు."