ఆధారితురాలి పేరున వచ్చిన వాపసు

నేను ఒక ఫారం-16ని. ఏడాది పొడుగునా జీతంలోంచి ఎంత పన్ను పట్టుకున్నారో ఆఫీసువాళ్లు రాసిచ్చే కాగితాన్ని. రెండు పేజీలు, మూలన ఒక పిన్ను, అడుగున గుండ్రటి ముద్ర, దాని మీద సగం పడిన సంతకం. ఇంతే నా స్వరూపం. నన్ను చూసి మొహం వికసించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

పార్వతీపురంలో ఒక ఆసుపత్రి ఆఫీసు గదిలో, జూన్ నెల ఉక్కలో పుట్టాను. నాతోపాటు ఇంకో నలభై కాగితాలు పుట్టాయి. జీతాల గుమాస్తా పాపినాయుడు మమ్మల్ని బల్లమీద పేర్చి పెద్ద డాక్టరుగారి చేత సంతకాలు చేయించాడు. చేసినాయన చదవలేదు, చేయించినాయనా చదవలేదు. చదివుంటే, నేను తప్పుతో పుట్టానని అప్పుడే తెలిసేది.

నా యజమానురాలు స్టాఫ్ నర్సు సలోమి. ఆవిడ అక్క దెబోరాకి మూడో ఏట పోలియో వచ్చింది. రెండు కాళ్లూ పనిచేయవు, చంకకర్రల మీద నడుస్తుంది. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఆ ఉద్యోగికి పన్నులో రాయితీ ఉంది. సలోమి ఎనభై రెండు శాతం వైకల్యమని ఉన్న సర్టిఫికెట్ నకలు డిసెంబరులోనే ఇచ్చింది. పాపినాయుడు దాన్ని ఫైలు అడుగున పెట్టేశాడు. రాయితీ పెళ్లాం పిల్లలకే అని ఆయన నమ్మకం. అక్కల సంగతి చట్టంలో ఉందని ఆయన వినలేదు, తను విననిది చట్టంలో ఉండదని కూడా ఆయన నమ్మకమే. అందువల్ల ఇరవై అయిదు వేల ఏడువందల యాభై రూపాయలు ఎక్కువ పన్ను కోసేశారు. ఆ కోత సక్రమమేనని నేను ముద్ర వేయించుకుని మరీ సాక్ష్యం చెప్పాను.

సలోమి నన్ను టాక్సు పనులు చూసే గుంపస్వామిగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నన్ను కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. పుట్టాక నన్ను పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే. రిటర్ను వేస్తే ఆ డబ్బు వాపసు వస్తుందని చెప్పి, నా అంచున పెన్సిలుతో రాసుకున్నాడు: ‘అక్క, ఆధారితురాలు, లక్షా పాతికవేలు’. అసలు సర్టిఫికెట్ పట్టుకుని నెలాఖరులోగా రమ్మన్నాడు.

ఆ పెన్సిలు గీత ఇంట్లో నిప్పు పెట్టింది.

సలోమి సంచీలోంచి టిఫిను డబ్బా తీయబోయి దెబోరా నన్ను తీసింది. అంకెల జోలికి పోలేదు, ‘ఆధారితురాలు’ అన్న ఒక్క మాటే చదివింది. దెబోరా ముప్పై ఏళ్లుగా చేతి మిషను మీద జాకెట్లు కుడుతోంది. తల్లి పోయాక చెల్లెల్ని నర్సు చదువు చదివించింది ఆ జాకెట్లే. ఇప్పటికీ వంట ఆవిడే, ఇంటి ఖర్చులో కూరగాయల పద్దు ఆవిడదే.

“ఏటే ఇది? నేను నీమీద పడి బతుకుతున్నానని ఊళ్లో రాయించుకొచ్చావా?” అంది.

నాలుగు రోజులు అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. కంచంలో అన్నం మాత్రం వేళకి పడేది, కూరలో ఉప్పు కూడా సరిగ్గానే ఉండేది. అయిదో రోజు పొద్దున్న సలోమి గుంపస్వామిగారికి ఫోను చేసి, నాకా డబ్బు వద్దు, వదిలేయండి, అని డ్యూటీకి వెళ్లిపోయింది. గడువు ఇంకా రెండు రోజులుంది. దెబోరా మిషను ఆపి ఆ మాటలన్నీ వింది.

మధ్యాహ్నం ఆవిడ నన్నూ సర్టిఫికెట్‌నూ బట్టల సంచీలో పెట్టుకుని ఆటో ఎక్కింది. గుంపస్వామిగారి ఆఫీసు మేడమీద. పద్దెనిమిది మెట్లు. కర్ర ఒక మెట్టు మీద ఆనించడం, ఒళ్లు లాక్కోవడం, ఊపిరి తీసుకోవడం. సంచీలో ఆ పద్దెనిమిదీ నేను లెక్కపెట్టాను. పైకి చేరాక మంచినీళ్లు తాగి, ఆధారపడడమంటే చట్టంలో ఏమని ఉందో చెప్పమని అడిగింది. ఇల్లు ముఖ్యంగా ఎవరి సంపాదన మీద గడుస్తోందన్నదే చట్టం చూస్తుందని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

“మరి నేను దానికి వండిపెట్టేది, పెంచింది ఏ గడిలో రాస్తారు?”

“దానికి గడి లేదమ్మా.”

దెబోరా సంచీలోంచి సర్టిఫికెట్ తీసి ఆయన ముందు పెట్టింది. “అయితే ఉన్న గడిలోనే రాయండి. డబ్బు మాది కదా, వాళ్లకెందుకు వదలడం?” అంది.

రిటర్ను పంపాలంటే సలోమి ఫోనుకి వచ్చే అంకెలు కావాలి. దెబోరా వార్డుకి ఫోను చేసింది. నాలుగు రోజుల తర్వాత చెల్లెలితో అన్న మొదటి మాట, “నీ ఫోనుకేదో నంబరు వస్తుంది, చదువు.” సలోమి ఆరంకెలూ నెమ్మదిగా చదివి, అన్నం తిన్నావా అక్కా, అని అడిగింది. తిన్నానంది దెబోరా. అది అబద్ధం.

అక్టోబరులో డబ్బు బ్యాంకులో పడింది, కాస్త వడ్డీతో సహా. నేను తప్పు సాక్ష్యం చెప్పానని సర్కారే ఒప్పుకుంది, నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఫ్రిజ్ కొందామని సలోమి, స్కూటరు కొందామని దెబోరా. పాత స్కూటరొకటి కొని, వెనక రెండు పక్కచక్రాలు బిగించారు. దెబోరా చర్చి ఆవరణలో మూడు వారాలు నేర్చుకుంది, ఒకసారి పాస్టరుగారి గులాబీ కుండీలు రెండు పగలగొట్టింది, లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు రోజూ ఏడూ ముప్పావుకి చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రిలో దింపుతుంది. నేను బండి కాగితాలతోపాటు సీటు కింద అరలో ఉంటున్నాను. పెట్రోలు వాసన తప్ప ఇబ్బందేమీ లేదు.

ఈ డిసెంబరులో ఒక్కసారి బయటికొచ్చాను. ఆఫీసులో పాపినాయుడు స్థానంలో కొత్తగా హైమ అనే అమ్మాయి వచ్చింది. రాయితీ పోయినసారి ఎలా తప్పిపోయిందో చూపించడానికి సలోమి నన్ను పట్టుకెళ్లింది. హైమ నన్ను చివరిదాకా చదివి, సర్టిఫికెట్ చూసి, పద్ధతి ప్రకారం అడిగింది: “ఆధారితురాలు ఈ ఏడాది కూడా మీ పోషణలోనే ఉన్నారా సిస్టర్?”

“బయట బండి స్టార్టు చేసి ఉంది,” అంది సలోమి. “తొందరగా రాయమ్మా, ఆలస్యమైతే నన్ను వదిలేసి పోతుంది.”